గ్లోవ్ ఇంట్లో పెట్టి రండి

(అమెరికా ఉత్తరాన ఉన్న మినియాపోలిస్ శివారులోని ఒక కమ్యూనిటీ హాల్లో, నవంబరు మొదటి వారంలో జరిగిన తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. వక్త పిల్లల ట్రావెల్ బేస్‌బాల్ జట్లు నడుపుతున్న ఒక తండ్రి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు పక్కగదిలో పిజ్జా పనిలో ఉన్నారు. అది అయ్యేలోపల నా మాట ముగించాలి.

మా అత్తగారు మొదటిసారి తెనాలి నుంచి ఇక్కడికి వచ్చింది ఒక ఏప్రిల్ నెలాఖరులో. అక్కడ ఎండలు ముదిరి, మామిడికాయలు ఆవకాయకు కోస్తున్న రోజులు. వచ్చిన మూడో రోజే మనవడి మ్యాచ్‌కు తీసుకువెళ్లాం. మైదానంలో 5 డిగ్రీలు, ఇక్కడి లెక్కలో 41. రెండు శాలువాలు, నా పాత జాకెట్, వాటి మీద దుప్పటి కప్పుకుని నాలుగు ఇన్నింగ్స్ ఓపికగా చూశారు. తరువాత నెమ్మదిగా అడిగారు: "బాబూ, ఇది ఎండాకాలపు ఆట అన్నావు కదా. మరి ఎండాకాలంలోనే ఆడించకూడదా?"

అప్పుడు నవ్వేశాను. ఆ ప్రశ్నకు జవాబు తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఈ మధ్య నాకు ఫోను చేశారు. అందరూ అడిగింది ఒకటే. చలికాలంలో లోపల ఆడే డోమ్ ఎప్పుడు మొదలుపెడుతున్నారు? ఈ ఐదు నెలల్లో మావాడు ఆట మరచిపోడా? ఫ్లోరిడాలో, టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో పిల్లలు పన్నెండు నెలలూ ఆడుతుంటే మనవాళ్లు వెనకబడిపోరా? ఈ భయం నాకు బాగా తెలుసు. దీన్ని నమ్ముకునే ఒక ఏడాది నా జట్టును నేనే పాడుచేసుకున్నాను.

కొత్తవారి కోసం రెండు మాటలు. ఊరి సంఘం నడిపే మామూలు లీగులో పేరు ఇచ్చిన ప్రతి పిల్లవాడికీ చోటు ఉంటుంది, మ్యాచ్‌లు ఊళ్లోనే జరుగుతాయి. ట్రావెల్ జట్టుకు ఎంపిక ఉంటుంది, పక్క ఊళ్లకు వెళ్లి ఆడాలి, శని ఆదివారాలు టోర్నమెంట్లకు పోతాయి. వయసును ఏప్రిల్ 30 నాటికి లెక్కవేస్తారు. మా దగ్గర ఎంపికలు ఆగస్టులో జరుగుతాయి. సెప్టెంబరులో కొద్దిగా సరదా మ్యాచ్‌లు ఉంటాయి. అసలు మ్యాచ్‌లు ఏప్రిల్ చివర మొదలై జులైలో ముగుస్తాయి. ఎంపికకూ మొదటి మ్యాచ్‌కూ నడుమ ఎనిమిది నెలల దూరం ఉందన్నమాట. జట్టు బాగుపడినా చెడిపోయినా ఆ ఎనిమిది నెలల్లోనే.

నేను చెడగొట్టిన ఏడాది సంగతి చెబుతాను. పిల్లలకు పదకొండేళ్లు. నవంబరు నుంచి మార్చి చివరిదాకా వారానికి రెండు రోజులు డోమ్ అద్దెకు తీసుకున్నాను. డోమ్ అంటే గాలి నింపి నిలబెట్టిన పెద్ద గుడారం. బయట మైనస్ ఇరవై, లోపల ప్లాస్టిక్ పచ్చిక, పైన తెల్లటి లైట్లు. గంటకు ఇంత అని కడుతున్నాం కదా, ఒక్క నిమిషం వృథా కాకూడదనిపించేది. అందుకని విసరడమే విసరడం. ప్రతి పిల్లవాడూ పిచర్, అంటే బ్యాటు పట్టినవాడికి బంతి విసిరేవాడు, కావాలని ఉబలాటపడ్డాడు, నేను సరే అన్నాను. మార్చిలో మా జట్టును చూసినవారు ఈ పిల్లలు ఇంత బాగా ఎలా విసురుతున్నారని ఆశ్చర్యపోయారు. నాకు గర్వంగానే ఉండేది.

మే రెండో వారం వచ్చేసరికి ముగ్గురికి మోచేతులు నొప్పి. వారిలో ఒకడు మా అబ్బాయి. వాడు నాతో చెప్పలేదు. వాళ్ల అమ్మమ్మతో చెప్పాడు. ఆవిడ రోజూ రాత్రి ఆముదం వేడి చేసి రాస్తున్నారు. దిండు గలేబుకు అంటిన జిడ్డు చూసి మా ఆవిడ నిలదీస్తే తప్ప నాకు తెలియలేదు! వారానికి ఆరు రోజులు వాడి చేతినే చూస్తున్న కోచ్‌ను నేను.

డాక్టరు ఎక్స్‌రే చూపించి వివరించారు. ఈ వయసులో మోచేతి లోపలివైపు ఎముక ఇంకా పూర్తిగా అతుక్కోదు, ఎదిగే పొర ఒకటి మెత్తగా ఉంటుంది. బలంగా విసిరిన ప్రతిసారీ ఆ పొర మీద లాగుడు పడుతుంది. పెద్ద ఆటగాళ్లలో అదే చోట ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ తెగుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ పిచర్ టామీ జాన్‌కు మొదటిసారి చేసిన శస్త్రచికిత్స ఆ లిగమెంట్‌దే. అందుకే దానికి ఆ ఆటగాడి పేరే నిలిచిపోయింది. మన పిల్లలు పోస్టర్లు అతికించుకునే కుమార్ రాకర్, అదే, తల్లి భారత సంతతి అయిన ఆ పిచర్, అతనికీ 2023లో అదే శస్త్రచికిత్స జరిగింది. అతనిది వేరే స్థాయి, వేరే కథ. మా పదకొండేళ్లవాళ్లకు జరిగినదానికి మాత్రం కారణం ఒక్కటే: విశ్రాంతి ఇవ్వవలసిన నెలల్లో నేను విసిరించాను.

ఆ వేసవిలో కూర్చుని చదవవలసినదంతా చదివాను. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఒక క్రీడావైద్య సంస్థ ఉంది. డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్, గ్లెన్ ఫ్లైసిగ్ పనిచేసిన చోటు. శస్త్రచికిత్సదాకా వెళ్లిన కుర్ర పిచర్లనూ, ఏ దెబ్బా లేనివారినీ పక్కపక్కన పెట్టి 2006లో పోల్చారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పోటీల్లో విసిరినవారికి ఆ ముప్పు ఐదు రెట్లు ఎక్కువ. అలసిన చేతితో తరచుగా విసిరినవారికి 36 రెట్లు. మరోసారి చెప్పమంటారా? ముప్పై ఆరు. 2014లో ఇక్కడి పెద్ద వృత్తి ఆటగాళ్ల మేజర్ లీగ్, దేశంలో ఔత్సాహిక ఆటను నడిపే యూఎస్ఏ బేస్‌బాల్ సంస్థ కలిసి పిచ్ స్మార్ట్ అని మార్గదర్శకాలు ఇచ్చాయి. ఏడాదికి కనీసం నాలుగు నెలలు పిచింగ్ మానాలని, అందులో రెండు మూడు నెలలు వరుసగా చేయి పైకెత్తి విసిరే పని ఏదీ ఉండకూడదని అందులో ఉంది.

నాలుగు నెలలు! ఈ మాట చదివి లేచి కిటికీ దగ్గరకు వెళ్లాను. దక్షిణాది రాష్ట్రాల తల్లిదండ్రులు ఇరుగుపొరుగుతో పోట్లాడి, టోర్నమెంట్లు వదులుకుని, పిల్లవాడి ఏడుపు భరించి సంపాదించుకోవలసిన విశ్రాంతి అది. మనకు దాన్ని ఆకాశం ఉచితంగా ఇస్తోంది. నేను ఏం చేశాను? గంటకు ఇంత అని డబ్బు కట్టి వద్దన్నాను.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. అక్టోబరు మధ్యలో బంతులు సంచిలో వేసి కట్టేస్తాం. నవంబరు, డిసెంబరు రెండు నెలలూ ఎవరూ విసరరు. ఆ కాలంలో వేరే ఆట ఆడండి అంటాను. ఐస్ హాకీ, బాస్కెట్‌బాల్, ఈత, ఏదైనా సరే. మీరు ముఖం చిట్లించడం ఇక్కడికే కనిపిస్తోంది. ఒక్క సంగతి వినండి. మన పక్క నగరం సెయింట్ పాల్‌లో పుట్టినవారు నలుగురు బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు: డేవ్ విన్‌ఫీల్డ్, పాల్ మొలిటర్, జాక్ మోరిస్, జో మావర్. నలుగురూ ఈ మంచులోనే పెరిగారు. విన్‌ఫీల్డ్‌ను 1973లో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ మూడింటివాళ్లూ తమ జట్లకు ఎంచుకున్నారు. మావర్ హైస్కూల్లో ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌గానూ దేశంలో మేటి, బాస్కెట్‌బాల్ కూడా ఆడాడు. 2001లో మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు మొదటి ఎంపిక అతనే. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌గా ఉంటూ, లీగులో అందరికంటే ఎక్కువ బ్యాటింగ్ సగటుకు ఇచ్చే బ్యాటింగ్ టైటిల్ మూడుసార్లు గెలిచాడు.

మావర్ వాళ్ల నాన్న చేసిన పని నాకు మరీ ఇష్టం. చలికాలంలో పిల్లలు ఇంట్లోనే బ్యాటు ఊపుకునేందుకు ఇంట్లో దొరికే సామాన్లతో ఒక గొట్టం తయారుచేశాడు. పైన బంతి వేస్తే వంపు తిరిగి కింద జారుతుంది. జారిన క్షణంలో కొట్టాలి. బంతి కనిపించేది రెప్పపాటు కాబట్టి బ్యాటు దగ్గర దారినే రావాలి, పెద్ద ఊపుకు వ్యవధి ఉండదు. ఇందులో విసిరేవాడు లేడు, మోచేతికి పని లేదు, డోమ్ అద్దె లేదు.

మా జనవరి నెల దానికి బంధువే. బడి జిమ్‌లో గంటన్నర. టీ అనే నిలువు కర్ర మీద బంతి పెట్టి కొట్టడం, పక్కన మోకాళ్ల మీద కూర్చుని మెత్తగా అందించే బంతులు కొట్టడం, గోడకు కొట్టి తిరిగి వచ్చే టెన్నిస్ బంతిని వట్టి చేత్తో పట్టడం. కాళ్లు ఎలా కదలాలి, బేస్ మీదికి ఎలా జారాలి అన్నది చాప మీద నేర్పుతాం. జారడం నేర్పడానికి జిమ్ చాపను మించింది లేదు. వేసవి మట్టిలో మోకాలు చెక్కుకుపోతే రెండోసారి జారడానికి ఏ పిల్లవాడూ ముందుకు రాడు. ఇంకో అరగంట తెల్లబోర్డు ముందు: ఒకటో బేస్, మూడో బేస్ మీద మనుషులున్నారు, ఒకరు అవుటయ్యారు, బంతి నీ వైపు వస్తోంది, ఎక్కడికి విసురుతావు? ఈ చర్చ జూన్‌లో మైదానం మధ్య పెట్టలేం. చలికాలం ఇచ్చే తీరిక ఇదే.

ఇక్కడ నాన్నలకు ఒక మనవి. మనం క్రికెట్ పిచ్చివాళ్లం. జిమ్ గుమ్మంలో నిలబడి "ఎడమకాలు ముందుకెయ్, బ్యాటు నిటారుగా" అని అరవకండి. పిల్లవాడు నా మాట వినాలా, మీ మాట వినాలా అని నలిగిపోతున్నాడు. ఈ ఆటలో నడుము తిరగాలి, బ్యాటు అడ్డంగా రావాలి. మీ అనుభవం పనికివచ్చే చోటు ఒకటుంది, పైకి లేచిన బంతి కిందికి పరుగెత్తడం. అది మీరు నేర్పితే నాకంటే బాగా నేర్పుతారు.

ఫిబ్రవరిలో మళ్లీ విసరడం మొదలు. మొదటి వారం పది గజాల దూరం, పాతిక బంతులు. వారానికి కొంచెం కొంచెంగా పెంచుతూ మార్చి చివరికి పిచర్ నిలబడి విసిరే మట్టిదిబ్బ, అదే మౌండ్ మీదికి. అప్పుడు మాత్రం డోమ్ తీసుకుంటాం, నాలుగే వారాలు. ఎగిరే బంతి చిన్న జిమ్‌లో నేర్పలేము కదా.

ఇక ఏప్రిల్. నన్నడిగితే ఇక్కడ కోచ్‌కు అసలు పరీక్ష జనవరి కాదు, ఏప్రిల్. జనవరిలో ఎవరూ ఆశపడరు. ఏప్రిల్‌లో ఒకరోజు 18 డిగ్రీల ఎండ కాస్తుంది, అందరికీ పిచ్చెక్కుతుంది, మర్నాడు మంచు పడుతుంది. 2018 ఏప్రిల్ మధ్యలో ఇక్కడ సుమారు 15 అంగుళాల మంచు పడి, ఇక్కడి మేజర్ లీగ్ జట్టు ట్విన్స్ వరుసగా మూడు మ్యాచ్‌లు వాయిదా వేసుకుంది. కోట్ల డాలర్ల స్టేడియానికే దిక్కులేకపోతే మన ఊరి పార్కు ఎంత?

మంచు కరిగినా మైదానం ఆడటానికి ఎందుకు పనికిరాదో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. మీలో ఇల్లు కట్టించుకున్నవారికి తెలుసు, ఇక్కడ పునాది కనీసం 42 అంగుళాల లోతు తీయాలి. నేల అంత లోతు గడ్డకడుతుంది మరి. వసంతంలో పైపొర ముందు కరుగుతుంది, కింద ఇంకా గడ్డే. పైన నీళ్లకు కిందికి ఇంకే దారి లేదు. చూడడానికి ఎండినట్టే ఉంటుంది, అడుగు వేస్తే బూటు దిగబడుతుంది. ఆ స్థితిలో ఒక్క మ్యాచ్ ఆడితే ఆ గుంటలు గట్టిపడి సీజన్ అంతా బంతిని ఇష్టం వచ్చినట్టు ఎగరేస్తాయి. అందుకే పార్కువాళ్లు తాళం తీయరు. వాళ్ల మీద కోపపడకండి.

తాళం తీశాక కూడా తడి ఉంటుంది. నీళ్లు నిలిచిన చోట చీపురుతో పచ్చిక మీదికి నెట్టే ఉత్సాహవంతులున్నారు. దయచేసి వద్దు. నీటితో పాటు మట్టి వెళ్లి పచ్చిక అంచున గట్టు కడుతుంది. రేపు ఆ గట్టుకు తగిలి ఎగిరిన బంతి మీ పిల్లవాడి పళ్లకే తగులుతుంది. స్పాంజితో నీళ్లు పీల్చి బకెట్లో పిండాలి, తరువాత కాల్చిన బంకమట్టి గుళికలు పలచగా చల్లి దంతెతో చదును చేయాలి. ఉదయం ఆరున్నరకు ఈ పనికి వచ్చే నలుగురు నాన్నలు జట్టుకు ముగ్గురు పిచర్లతో సమానం.

చలిలో ఆట తీరే వేరు. బంతి గట్టిపడి జారుతుంది, వేళ్లకు పట్టు చిక్కదు. పిచర్ మౌండ్ మీద చేతిలోకి ఊదుకోకూడదని నియమం ఉంది. చలి ఎక్కువైతే ఇరు జట్లూ ఒప్పుకున్నాక అంపైరు అనుమతిస్తాడు. టాస్ సమయంలోనే ఆ అనుమతి అడిగి పెట్టుకుంటాను. వెనక జేబులో వేడి పొట్లం ఉంచుతాను. కార్బన్ నారతో చేసిన కాంపోజిట్ బ్యాట్లు అయితే సంచిలోంచి తీయనివ్వను. 60 ఫారన్‌హీట్ కంటే చల్లగా ఉంటే పగులుతాయని తయారుచేసేవాళ్లే హెచ్చరిస్తారు. క్రిస్మస్‌కు మీరు కొనిచ్చిన మూడు వందల డాలర్ల బ్యాటు ఏప్రిల్‌లో ఇంట్లోనే ఉండాలి. పాత అల్యూమినియం బ్యాటు చాలు. దానితో కొట్టినప్పుడు చేతులు జివ్వుమంటాయి, పిల్లలు తిట్టుకుంటారు, పరవాలేదు.

బంతుల లెక్క ఇంకా ముఖ్యం. పదకొండు, పన్నెండేళ్ల వాళ్లకు పిచ్ స్మార్ట్ ప్రకారం రోజుకు పైమెట్టు 85. 66 చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. 20 లోపు అయితే మర్నాడు కూడా విసరవచ్చు. ఏప్రిల్‌లో నేను 35 దగ్గరే ఆపేస్తాను, వాడు ఎంత బాగా విసురుతున్నా సరే. కొన్ని టోర్నమెంట్లు బంతులను కాక ఇన్నింగ్స్‌ను లెక్కపెడతాయి. ముగ్గురు అవుటయితే ముగిసే ఒక ఇన్నింగ్స్ ఎనిమిది బంతుల్లో అయిపోవచ్చు, ముప్పై ఎనిమిది కావచ్చు. మోచేతికి ఇన్నింగ్స్ అంటే ఏమిటో తెలియదు. ఫెన్స్ దగ్గర ఒక అమ్మను కూర్చోబెట్టి బంతులు లెక్కపెట్టిస్తాను. ఆ లెక్కే మాకు ప్రమాణం. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఐదు మ్యాచ్‌లంటే ఈ లెక్కన పన్నెండుమందిలో కనీసం ఏడుగురు విసరగలగాలి. ఇద్దరు ఘనులతో కప్పులు గెలిచే జట్లు ఉన్నాయి. ఆ ఇద్దరు ఘనులు పదిహేనో ఏట ఎక్కడున్నారో వెళ్లి చూడండి.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎవరికీ ఇష్టమైన విషయం కాదు. లెక్క కోసం డోమ్ గంటకు 200 డాలర్లు అనుకుందాం. వారానికి రెండు గంటలు, ఇరవై వారాలు అంటే 8000. పన్నెండుమంది పంచుకుంటే తలకు సుమారు 667. నాలుగు వారాలకే తీసుకుంటే తలకు 133. మిగిలిన దానితో ఫీజు కట్టలేని ఇద్దరు పిల్లలను జట్టులో ఉంచుకోవచ్చు. మేము అదే చేస్తున్నాం, వాళ్లెవరో మీకెవరికీ తెలియదు, తెలియనవసరం లేదు. ఇంకొకటి: ఏప్రిల్ టోర్నమెంటుకు పేరు ఇచ్చేముందు మంచు పడితే డబ్బు ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఒక నిర్వాహకుడు మాకు ఒక్క మ్యాచ్ కూడా జరగకుండానే "నిర్వహణ ఖర్చులు" అని సగం పట్టుకున్నాడు. అప్పటినుంచి మే రెండో వారం దాకా మేము టోర్నమెంట్లకే వెళ్లం. మా అత్తగారి ప్రశ్నకు అది నా జవాబు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక తండ్రి: కాలేజీ స్కాలర్‌షిప్‌కు ఇది ఎంతవరకు పనికివస్తుంది?)

మీరు అడుగుతారని తెలుసు అన్నయ్యా. చాలా ఏళ్లపాటు పెద్ద కాలేజీ జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2025 నుంచి పద్ధతి మారింది, కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకు జట్టులో 34 మంది అని పరిమితి పెట్టారు, స్కాలర్‌షిప్‌ల సంఖ్యపై అడ్డు తీసేశారు. ఎలా చూసినా తక్కువమందికే అందేది. ట్రావెల్ జట్టుకు ఏటా పెట్టే డబ్బు బ్యాంకులో వేస్తే చదువుకు అంతకంటే నమ్మకంగా అక్కరకు వస్తుంది. వాడికి ఆట ఇష్టమైతే ఆడించండి.

(ఒక తల్లి: మా బాబుకు పన్నెండేళ్లు, ఇంతవరకు బ్యాటే పట్టలేదు. ఆలస్యమైందా?)

లేదమ్మా. ముందు ఊరి లీగులో ఒక వేసవి ఆడనివ్వండి. వేగంగా పరుగెత్తుతాడా? అయితే ఆగస్టులో నాకు కనబడమనండి.

(మరొకరు: మరి వచ్చే ఆదివారం ప్రాక్టీసుకు ఏమేమి తేవాలి?)

బూట్లు, నీళ్ల సీసా. బాస్కెట్‌బాల్ ఆడుతున్నాం. గ్లోవ్ మాత్రం ఇంట్లో పెట్టి రండి, తెచ్చినవాళ్ల దగ్గర నేను తీసుకుని ఫిబ్రవరిలో ఇస్తాను. బయట మంచు మొదలైనట్టుంది, వంతెన మీద జాగ్రత్తగా నడపండి. పిజ్జా మిగిలితే ఆ డబ్బాలు ఇటు పంపండి, నేను కూడా ఏమీ తినలేదు.